మొదలు పిడికి, కొస మూతికి: స్రుక్కు, స్రువం చేత్తో చెక్కుకోవాలంటే

మీరు అడిగింది ఇదీ: నాలుగు నెలల్లో మీ నాన్నగారి షష్టిపూర్తి. ఆయుష్య హోమానికి స్రుక్కు, స్రువం, అంటే అగ్నిలో నెయ్యి వేసే చెక్క గరిటెలు, మీ చేత్తో మీరే చేయాలనుకుంటున్నారు. కిందటిసారి బజారులో కొన్న మామిడి చెక్క జత ఒక్క హోమానికే మూతి దగ్గర నుంచి గిన్నె నడిమి దాకా పగిలింది. మీకు వడ్రంగం రాదు. ఊళ్లో పొలం గట్టు మీద మోదుగ చెట్లున్నాయి. ఏ చెక్క, ఏ కొలత, ఏ పనిముట్లు, ఈ నాలుగు నెలలు సరిపోతాయా అని.

సరిపోతాయి, ఈ వారమే కొమ్మ తెచ్చుకుంటే. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. నేను ఉలి పట్టి ముప్పయ్యేళ్లు దాటింది, అందులో సగం హోమపాత్రలతోనే గడిచింది. తెలిసినదంతా చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పగిలిన స్రుక్కును వెలుతురులోకి తెచ్చి చూడండి. మూతి కొసన అడ్డకోత మీద చెట్టు వలయాలు కనబడతాయి. ఆ వలయాల నడుమ ఉండే చుక్క, అంటే మెత్తటి బెండు, పాత్ర ఒంట్లోనే ఉండిపోయి ఉంటుంది. బెండు లోపల ఉన్న ముక్క ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా అక్కడే చీలుతుంది. చీలిక అక్కణ్నుంచి బయటికి పాకుతుంది. మీరు రాసిన పగులు దారి సరిగ్గా అదే. పైగా అలాంటివి చాలావరకు పచ్చి దుంగలోంచి మిషను మీద తీసి, వార్నిష్ కొట్టి అమ్మకానికి పెట్టేస్తారు. గుండం పక్కన గంటసేపు వేడి తగిలేసరికి, నెలల తరబడి మెల్లగా ఆరవలసిన చెక్క ఒక్క పూటలో ఆరింది. మామిడి చెక్క తప్పేమీ లేదు.

ఇక అసలు సంగతి. యజ్ఞవిధులు చెప్పే ఆపస్తంబ శ్రౌతసూత్రంలో ఈ పాత్రల గురించి చెప్పేటప్పుడు మూడు మాటలు వస్తాయి. కొస కొసవైపే ఉండాలి, గుంట బెరడు వైపు ఉండాలి, మూతి హంసముఖంలా ఉండాలి. అంటే చెట్టులో మొదలు వైపు ఉన్న భాగం పిడి అవుతుంది, పైకి పెరిగిన కొస గిన్నె, మూతి అవుతుంది. గుంటను చెట్టు గుండెకాయ వైపు నుంచి కాకుండా బెరడు వైపు నుంచి తొలవాలి. తెలుగునాట యజుర్వేదుల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రం వారే కనుక మీ ఇంటికీ ఇదే వర్తిస్తుందనుకుంటాను. మీ పురోహితుల వారిని ఒక మాట అడగండి.

నేను ఈ మాట పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఇరవై రెండేళ్లప్పుడు కోనసీమలో ఒక నిత్యాగ్నిహోత్రి గారి కోసం మా నాన్నకు పని వచ్చింది. నాన్నకు ఒంట్లో బాగాలేక జుహువు నేను చేశాను. జుహువంటే స్రుక్కుల్లో ముఖ్యమైనది, ఆహుతి వేసేది. నున్నగా, అద్దంలా చేశానని సంబరపడుతూ తీసుకెళ్లి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "మొదలెటు నాయనా?" అన్నారు. నాకు తెలియలేదు. దుంగ కోసినప్పుడు గుర్తు పెట్టుకోలేదు. ఆయన కోప్పడలేదు. డబ్బులు పూర్తిగా ఇచ్చారు, భోజనం పెట్టారు, పాత్ర మాత్రం తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచి దుంగ కోయగానే మొదటి పని, మొదలు వైపు కొసన ఎర్ర సుద్దతో అడ్డగీత గీయడం.

మీరూ అదే చేయండి. రంపం కింద పెట్టకముందే గీత గీయండి. ఒకవేళ గుర్తు చెరిగిపోతే, ముడి ఉన్నచోట చూడండి. పిల్లకొమ్మ ఎప్పుడూ కొసవైపుకే వాలి ఉంటుంది. దాని ముడి చెక్కలో ఎటు ఒరిగి ఉందో అటే కొస.

గుంట బెరడు వైపు ఎందుకంటే శాస్త్రం చెప్పిందని ఒక జవాబు, అది చాలు. కానీ చెక్క కూడా అదే మాట చెబుతుంది. పలకగా కోసిన చెక్క ఆరేటప్పుడు బెరడు వైపు ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే పలక అంతా బెరడు వైపుకు దొప్పలా వంగుతుంది. ఏ అడితిలోనైనా ఎండకు వదిలేసిన పలకల అడ్డకోత చూడండి, ఇది కళ్లకు కనబడుతుంది. గుంట బెరడు వైపు తొలిస్తే పాత్ర ఆరేకొద్దీ అంచులు పైకి లేస్తాయి, గిన్నె తన నెయ్యిని తాను పట్టుకుంటుంది. తిరగేసి తొలిస్తే అంచులు పరుచుకుని గిన్నె పళ్లెమవుతుంది. సంవత్సరం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నేను పెట్టి చూశాను.

చెక్క విషయానికి వస్తే, సంప్రదాయంలో ఏ పాత్రకు ఆ చెట్టు ఉంది. స్రువానికి చండ్ర, జుహువుకు మోదుగ, జుహువు కింద పట్టే రెండో స్రుక్కు ఉపభృత్తుకు రావి. తైత్తిరీయ సంహిత మూడో కాండలో దీనికి కథలున్నాయి. వషట్కారం, అంటే ఆహుతి వేసేటప్పుడు పలికే "వౌషట్" అనే మాట, గాయత్రి ఛందస్సు శిరస్సును ఛేదించినప్పుడు ఒలికిన రసం భూమిలో ఇంకి చండ్ర చెట్టయింది. గాయత్రి పైలోకం నుంచి సోమాన్ని తెస్తుంటే తెగిన ఆకు మోదుగ అయింది. మోదుగ జుహువు ఉన్నవాడి చెవిన చెడ్డమాట పడదని కూడా అక్కడే ఉంది. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఆ వాక్యాన్ని పట్టుకుని, ఇది విడిగా ఒక ఫలమా లేక పొగడ్తగా చెప్పిన అర్థవాదమా అని పెద్ద చర్చ చేసి, అర్థవాదమనే తేల్చారు. నాకు మాత్రం మోదుగ చెక్కేటప్పుడు ఆ మాట గుర్తొస్తే చేతికి ఒక నెమ్మది వస్తుంది.

మీ ఇంటి హోమానికి రెండు పాత్రలు చాలు. నెయ్యి తీసుకునే చిన్న స్రువం, పూర్ణాహుతికి పెద్ద స్రుక్కు. స్రుక్కు మోదుగతో, స్రువం చండ్రతో చేయండి. ఈ రెండు చెక్కలూ పూర్తిగా వేరు స్వభావాలు. మోదుగ తేలిక, మెత్తన. విస్తరాకుల చెట్టుగానే మనకు తెలుసు గానీ, నీళ్లలో నానినా చెడని చెక్క అది. పాతకాలంలో బావి ఒరలకు, నీళ్లు తోడే పాత్రలకు వాడేవారు. గాలిలో మాత్రం పురుగు త్వరగా పడుతుంది. చండ్ర సంగతి వేరే చెప్పాలా? కళ్లు చండ్రనిప్పుల్లా ఉన్నాయంటాం, వడ్లు దంచడానికి చండ్ర రోకలి అంటాం. తాంబూలంలోని కాచు దాని చేవ నుంచి వచ్చేదే. రాయిలాంటి చెక్క. ఉలి పదును గంటకోసారి చూసుకోవాలి.

కొమ్మ తెచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. చెట్టు నరకకండి. ఆ అవసరమూ లేదు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి లేకుండా చెట్లు కొట్టకూడదు కూడా. అడవిలో చండ్ర జోలికి అసలు పోవద్దు. కరెంటు తీగల కింద కొట్టేసిన కొమ్మలు, గాలివానకు విరిగినవి దొరుకుతాయి, ఊళ్లో చెప్పి ఉంచండి. విరిగి నేలమీద నెలల తరబడి పడి ఉన్నది మాత్రం వద్దు, పురుగు పట్టి ఉంటుంది. రెండోది, నిటారుగా లేచిన కొమ్మే కావాలి. అడ్డంగా చాచుకున్న కొమ్మ తన బరువు మోసీ మోసీ లోపల బిగుసుకుని ఉంటుంది. దాని బెండు కూడా సరిగ్గా మధ్యలో ఉండదు. అది ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. మోదుగ సాధారణంగా వంకర చెట్టు. ఏడెనిమిది ఇంచీల అడ్డకొలతతో రెండడుగుల తిన్నటి ముక్క దొరికితే అదృష్టమే. నాలుగైదు చెట్లు చూడండి.

కోసేముందు చెట్టుకు దణ్ణం పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. యజ్ఞంలో యూపస్తంభం కోసం చెట్టు కొట్టేటప్పుడు కూడా ముందు ఒక దర్భను చెట్టుకు ఆనించి "దీన్ని కాపాడు" అని, గొడ్డలితో "దీన్ని హింసించకు" అని మంత్రం చెబుతారు. కొట్టబోతూ ఆ మాట అనడం నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అవుతుంది.

ఇక కొలత. ఇక్కడ దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. శాస్త్రంలో అరత్ని అంటే ఇరవై నాలుగు అంగుళాలు అని చదివి టేపు తీసి 24 ఇంచీలు కొలుస్తారు. అంగుళమంటే అక్కడ వేలి వెడల్పు, అది దాదాపు ముప్పావు ఇంచి. అరత్ని అంటే మోచేతి నుంచి చిటికెన వేలి కొస దాకా. మనిషిని బట్టి పదహారు నుంచి పద్దెనిమిది ఇంచీలు వస్తుంది. అందుకే ఈ జవాబులో టేపు కొలతను ఇంచి అనే రాస్తున్నాను. ఎవరి చేయి అంటే యజమానిది, అంటే హోమం చేసే మీ నాన్నగారిది. ఒక నూలు దారం తీసుకుని ఆయన మోచేయి బల్లమీద ఆనించి కొలిచి, రెండు కొసలా ముడివేసి ఉంచుకోండి. స్రువం గుంట ఆయన బొటనవేలి కణుపు పట్టేంత. స్రుక్కు గిన్నె ఆయన పుడిసిలి అంత. జుహువులను పూర్తి చేయి పొడవున చేసే పక్షమూ ఉంది, కానీ ఇంట్లో ఇటుకల గుండానికి అరత్ని చాలు.

యజమాని చేతి కొలత ఎందుకో ఒక్క మాట చెబుతాను. ఆహితాగ్ని, అంటే యజ్ఞాగ్నులను ఇంట నిలుపుకున్నవాడు, గతించినప్పుడు ఆయన యజ్ఞపాత్రలను ఆయన దేహం మీదే ఉంచుతారు. జుహువు కుడిచేతిలో, ఉపభృత్తు ఎడమచేతిలో, ధ్రువ అనే మూడో స్రుక్కు రొమ్ము మీద, స్రువాలు ముక్కుపుటాల దగ్గర. జీవితమంతా ఆ చేతిలో ఆడిన పాత్ర ఆ చేతితోనే వెళ్లిపోతుంది. మీది గృహస్థు ఇంటి హోమమే, అంత నియమం లేదు. అయినా కొలత తీసుకునేటప్పుడు ఇది తెలిసి ఉంటే మంచిదని రాశాను.

దుంగను రంపంతో నిలువునా కోయకండి, చీల్చండి. మొదలు కొసన బెండు మీదుగా గొడ్డలి నోరు ఆనించి, వెనక చెక్క సుత్తితో కొడితే పీచు తన దారిన తాను విడిపోతుంది. రంపం మీరు గీసిన గీత వెంట పోతుంది, చీలిక పీచు వెంట పోతుంది. ఈ తేడా తర్వాత పిడి విరగడంలో తెలుస్తుంది. రెండు బద్దలవుతాయి. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది. బద్ద చదును ముఖం మీద నిలువునా కనబడే బెండును, దాని చుట్టూ అర ఇంచి చెక్కతో సహా, బాడిసతో (చెక్కడానికి వాడే అడ్డనోటి చిన్న గొడ్డలి) చెక్కి పారేయండి. బెండు నలక కూడా మిగలకూడదు.

తర్వాత చెక్క పచ్చిగా ఉండగానే మోటుగా రూపం తీసేయాలి. ఎండాక చేద్దామని దుంగను అలాగే ఉంచితే ఈ నాలుగు నెలల్లో లోపలిదాకా ఆరదు, కొసలు పగులుతాయి. బెరడు వైపు ముఖాన్ని చదును చేసి, నడిమి గీత కొట్టి, అట్టముక్కతో చేసిన అచ్చు పెట్టి గీయండి. గిన్నె లోపల సగం లోతు తొలవండి. గిన్నె గోడలు, అడుగుభాగం ఒక ఇంచి మందానికి తగ్గకుండా ఉంచండి. పిడి రెండు ఇంచీల చదరంగా వదిలేయండి. పొడవుకు రెండు వైపులా మూడేసి ఇంచీలు అదనంగా ఉండాలి, కొసల్లో వచ్చే సన్న పగుళ్లు ఆ ముక్కల్లోనే ఆగిపోతాయి. అడ్డకోతలకు మైనం కరిగించి పట్టించండి. మా తాత ఆవుపేడ మెత్తేవాడు, అదీ పనిచేస్తుంది.

ఆ మోటు ముక్కను దాని చెక్కపొట్టుతోనే గోనెసంచిలో పెట్టి రెండు వారాలు నీడన ఉంచండి. తర్వాత బయటికి తీసి గాలి ఆడేచోట, ఎండ, ఫ్యాన్ తగలకుండా అలమర మీద పెట్టండి. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి ఆ అంకె దాని మీదే పెన్సిలుతో రాయండి. మొదట్లో బరువు గబగబా దిగుతుంది, తర్వాత మెల్లగా. వరసగా రెండు వారాలు అంకె మారకపోతే ఆరినట్టు. హైదరాబాద్ వాతావరణంలో ఈ మందానికి మోదుగ రెండు నెలల్లోపే వస్తుంది. వానాకాలమైతే ఇంకో రెండు మూడు వారాలు వేసుకోండి. మధ్యలో టెన్షన్ పడి ఓవెన్లో, మైక్రోవేవ్‌లో పెట్టకండి. ఆ పని చేసి ఏడ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

చండ్ర అలా ఆరదు, దానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఎప్పుడో కోసి ఎండిన ముక్కే సంపాదించాలి. పాత బండి సామాను, నాగలి సామాను అమ్మేచోట, పల్లెల్లో పెద్ద వడ్రంగుల దగ్గర అడగండి. విరిగిన పాత చండ్ర రోకలి కూడా చెక్కగా బంగారమే. కానీ ఒకసారి ఇంకో పనికి వాడినది హోమపాత్రకు పనికిరాదనే పెద్దలున్నారు, అడిగి చేయండి. పైగా రోకలిలో మొదలెటో కొసెటో ముడి చూసి కనిపెట్టాలి. ముదురు ఎరుపు గోధుమరంగు చేవ మాత్రమే తీసుకుని, చుట్టూ ఉన్న లేతరంగు చెక్క వదిలేయండి, పురుగు పట్టేది అందులోనే.

పనిముట్లకు ఎక్కువ ఖర్చు వద్దు. చేతిరంపం, చిన్న బాడిస, అర ఇంచి ఉలి, గుండ్రటి నోటి ఉలి ఒకటి, గిన్నె లోపలికి వంపు కత్తి ఒకటి, గుండ్రటి ఆకురాయి, ముక్కను బల్లకు బిగించడానికి రెండు సీ క్లాంపులు. డబ్బు పెట్టేదేదో సానరాయి మీద పెట్టండి. మోదుగ మెత్తగా ఉంది కదా, ఉలి ఎలా ఉన్నా తెగుతుందనుకుంటారు. ఇందులో తిరకాసుంది. గట్టి చెక్క మొద్దు ఉలికి కూడా ఎదురునిలిచి తెగుతుంది. మెత్తటి చెక్క పీచు నలిగి, చిరిగి, దూదిలా లేస్తుంది. మోదుగకు చండ్రకన్నా పదునైన ఉలి కావాలి. కాగితం అంచును శబ్దం లేకుండా కోస్తే ఆ పదును చాలు.

ఆరిన తర్వాత ముందు గిన్నె లోపలి పని పూర్తిచేయండి. బయటి రూపం తర్వాత. బయట చదరంగా ఉన్నంతసేపే బల్లకు బిగించగలరు. ఉలి ఎప్పుడూ అంచు నుంచి గుంట నడిమికి దిగాలి. నడిమి నుంచి పైకి ఎక్కిస్తే పీచు లేచి అంచు ఊడివస్తుంది. గిన్నెకు పిడి వైపు నుంచి సగం దాకా, మూతి వైపు నుంచి సగం దాకా దిగి అడుగున రెండు కోతలూ కలవాలి. ఆ కలిసేచోట ఎప్పుడూ కాస్త గరుకు మిగులుతుంది. దాన్ని వంపు కత్తితో అడ్డంగా, పలచగా తీయండి. ఉలి పట్టని చేయి ఎప్పుడూ నోటికి వెనకాల ఉండాలి, ఎదురుగా కాదు. గిన్నె అడుగుభాగం మందం పావు ఇంచికి పైనే ఉంచండి. కొలవడానికి పరికరం లేకపోతే బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి నొక్కుతూ తిప్పండి. మందం ఎక్కడ తగ్గిందో వేళ్లకు తెలిసినంత బాగా కంటికి తెలియదు.

గిన్నె పిడిలోకి దిగే మెడ దగ్గర అందరూ నాజూకుతనం కోసం పలచన చేస్తారు. విరిగేది అక్కడే. మా బంధువుల గృహప్రవేశంలో నేను చేసిన స్రుక్కే పూర్ణాహుతి నెయ్యి నిండి ఉండగా మెడ దగ్గర విరిగింది. నెయ్యి, కొబ్బరికాయ, పట్టుబట్ట అన్నీ గుండం అంచున పడ్డాయి. అందరూ ఏం పరవాలేదన్నారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. ఇంటికి తెచ్చి చూస్తే, రంపంతో కోసిన ముక్క అది. పీచు మెడ దగ్గర ఏటవాలుగా పక్కకు వెళ్లిపోయింది. అందుకే చీల్చండి అని ఇందాక అంత నొక్కి చెప్పాను. మోదుగకు మెడ మందం ముప్పావు ఇంచి ఉంచండి. కింద నుంచి చూస్తే గిన్నె అడుగు పిడిలోకి వాలుగా కలిసిపోవాలి, మెట్టులా ఉండకూడదు. పిడిని గుండ్రం చేయడానికి చదరం మూలలు నాలుగూ తీస్తే ఎనిమిది పలకలు, అవి తీస్తే పదహారు, ఆపైన చేతిలో తిప్పుతూ నున్న చేసుకోవడమే.

హంసముఖం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చూడ్డానికి బాగుండి పనిచేయనివి ఎక్కువ. గిన్నె నుంచి మూతి కొస దాకా చిటికెనవేలు పట్టేంత కాలువ తీస్తారు. దాని మీదుగా నెయ్యి సన్నటి ధారగా జారాలి. కొస పై అంచును అందరూ చక్కగా తీర్చిదిద్దుతారు. కింది అంచును గుండ్రంగా, నున్నగా వదిలేస్తారు. అప్పుడేమవుతుందంటే, ధార ఆపేసరికి చివరి నెయ్యి కిందికి పడకుండా మూతి అడుగునే అంటుకుని వెనక్కి పాకి, గిన్నె కింద నుంచి పిడి దాకా వచ్చి మోచేతికి కారుతుంది. టీ గిన్నెతో గ్లాసులో పోసేటప్పుడు చూస్తాం కదా, అదే. మందు ఏమిటంటే మూతి కింది అంచు దగ్గర కత్తితో లోపలికి వాలుగా ఒక కోత కోయాలి, పక్షి ముక్కు కింది దవడలా. కింది అంచు గోటికి తగిలేంత పదునుగా ఉంటే నెయ్యి అక్కడ తెగి బొట్టుగా పడిపోతుంది. గరుకు కాగితం పెట్టి ఆ అంచును మళ్లీ గుండ్రం చేయకండి. నాతో పనిచేసే కుర్రాళ్లు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఆఖరి రోజు రుద్దేస్తారు.

స్రువం రూపం సులువు, చెక్క కష్టం. చండ్రలో గుంటకు ముందు చేతి డ్రిల్లుతో లోతు తక్కువగా రెండు మూడు రంధ్రాలు వేసి, మిగతాది గుండ్రటి ఉలితో తీయండి. గుంట మధ్య సన్న గట్టు వదిలి రెండు ముక్కుపుటాల్లా చేసే ఆచారం కూడా ఉంది, మీ పురోహితులు కావాలంటేనే చేయండి. చండ్ర రుద్దేటప్పుడు వచ్చే పొడి గొంతు పట్టేస్తుంది, ముక్కుకు బట్ట కట్టుకోండి. దీని పిడి అర ఇంచి మందం ఉన్నా విరగదు.

నునుపు చేయడానికి 120, 220, 400 నంబర్ల కాగితం వరసగా పట్టండి. కాగితానికి ముందు పగిలిన గాజుపెంకు అంచుతో ఒకసారి గీకితే పని సగం తగ్గుతుంది, పాత వడ్రంగులంతా అలాగే చేసేవారు. 220 అయ్యాక తడిబట్టతో తుడిచి రాత్రంతా ఆరనివ్వండి. పీచు లేచి గరుకవుతుంది, అప్పుడు 400 పట్టండి. ఈ తడి పని రెండుసార్లు చేస్తే, తర్వాత కడిగినప్పుడు మళ్లీ గరుకు రాదు.

వార్నిష్, పాలిష్, లక్క, టచ్‌వుడ్ ఏదీ వద్దు. హోమానికి ముందు స్రుక్కు, స్రువాలను అగ్నిమీద కాచి దర్భలతో తుడుస్తారు, అది హోమవిధిలో భాగం. వార్నిష్ కొట్టినది అక్కడే మెత్తబడి దర్భకు అంటుకుంటుంది, ఆ వాసన నెయ్యిలోకి వస్తుంది. ఎండిన చెక్కకు గోరువెచ్చని ఆవునెయ్యి పలచగా, రోజు విడిచి రోజు మూడుసార్లు పట్టించి, మిగిలింది పాతబట్టతో తుడిచేయండి. మోదుగ నెయ్యి తాగి తేనెరంగుకు వస్తుంది. ఎక్కువ పట్టిస్తే ముక్కిన వాసన వస్తుంది, జాగ్రత్త. హోమం అయ్యాక సబ్బు పెట్టకండి. స్రుక్స్రువాలకు వేడినీళ్లతోనే శుద్ధి అని మనుస్మృతిలో ఉంది. నెయ్యి పట్టిన చెక్కకు నిజంగా అంతకంటే మంచి దారి లేదు. తుడిచి, నిలబెట్టి ఆరబెట్టి, గాలి ఆడే నూలుబట్టలో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.

ఇంకొక్కటి. షష్టిపూర్తికి కనీసం వారం ముందు ధార పరీక్ష చేయండి. నీళ్లతో చేస్తే సరిపోదు. నెయ్యి చిక్కదనం వేరు, అది పారే తీరు వేరు. పావు గిన్నె నెయ్యి కరిగించి స్రుక్కులో పోసి, కింద పళ్లెం పెట్టి, నాన్నగారి చేతికే ఇచ్చి ఒంచమనండి. ధార ఎక్కడ మొదలవుతుంది, ఆపినప్పుడు ఎక్కడ తెగుతుంది, ఆయన మణికట్టు ఎంత తిరిగింది చూడండి. మణికట్టు మరీ తిప్పవలసి వస్తే కాలువ ఇంకొంచెం లోతు తీయాలి. నెయ్యి అడుగున పాకితే కింది అంచు మళ్లీ కోయాలి. ఆ సవరణ అయ్యాక వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, మళ్లీ ఒక్క పూత నెయ్యి పట్టించండి. మొదలు వైపు ఎర్ర సుద్ద గీతను మాత్రం పురోహితుల వారు చూసేదాకా చెరపకండి.